ఎడమకు తిరిగిన ముడి

బెజవాడ ఆటోనగర్‌లో బండి ముందు అదనంగా బిగించే దీపం ఏదైనా సరే, దాని పేరు ఫాగ్‌లైటే. లారీకి పెట్టినా, జీపుకు పెట్టినా, పెళ్ళి ఊరేగింపు కారుకు పెట్టినా అంతే. మార్త ఒక్కతే ఆ మాట వాడదు. పాత కారు షెడ్డులోకి వస్తే ముందు బంపరు దగ్గర గొంతుక్కూచుని, రెండు దీపాల అద్దాలనూ బొటనవేలితో తడిమి చూస్తుంది. గీతలు తగిలితే "ఇది దగ్గర చూపు" అంటుంది. నున్నగా ఉంటే "ఇది దూరం చూపు" అంటుంది.

కళ్ళజోళ్ళ షాపు మాటలని నవ్వేవాళ్ళు నవ్వుతారు గాని అందులో తప్పేమీ లేదు. గీతల అద్దం వెలుగును నేలబారుగా, వెడల్పుగా పరుస్తుంది. మంచు పట్టిన పొద్దున బండి ముందున్న కాస్త రోడ్డూ, దాని ఎడమ అంచూ కనపడడానికి అది. నున్న అద్దం వెలుగును ఒక్క కట్టగా దూరానికి విసురుతుంది. ఖాళీ రోడ్డు మీద వేగంగా పోయేవాళ్ళకు అది. వెనకటి రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లకు ఈ రెండూ ఒక్కోటి చొప్పున ఉండేవి. వాటిని విప్పి, బాగుచేసి, ఈ కాలపు బల్బుకు తగ్గట్టు మార్చి మళ్ళీ బిగించడం మార్త పని.

మా షెడ్డూ ఆమె షెడ్డూ పక్కపక్కనే. మధ్యలో రేకు గోడ. నేను లేతు మీద ఇత్తడి, ఇనుము తరుగుతాను. ఆమెకు ఏ కొలతలో రింగు కావాలన్నా రేకు మీద సుత్తితో కొడుతుంది. "సైదా, బతికున్నావా?" అంటుంది. "ఇంకా ఉన్నానక్కా" అంటాను. మా పరిచయం అట్లా మొదలై అట్లాగే సాగుతోంది.

మార్త కృష్ణ ఒడ్డున ఇబ్రహీంపట్నంలో పుట్టింది. తండ్రి థర్మల్ స్టేషన్‌లో బొగ్గు దించే కూలీ. తల్లి సంపూర్ణమ్మ రేవులోని చేపలవాళ్ళకు వలలు అల్లేది, చినిగినవి బాగుచేసేది. మార్తకు అక్షరాల కంటే ముందు వల ముడి వచ్చింది. భర్త అబ్రహాము ఆటోనగర్‌లో ఒక నికెల్ పూతల షాపులో తొట్ల దగ్గర పనిచేసేవాడు. ఆ ఆవిరి పీల్చి పీల్చి ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆయనకు క్యారేజీ తెచ్చిన మార్త, ఆయన దగ్గుతూ కూర్చుంటే మెరుగుపెట్టే బఫింగ్ చక్రం దగ్గర నిలబడి ఆయన పని చేసిపెట్టేది. ఆయన పోయాక ఆ పని ఆమెదే అయింది.

పాత దీపాల సంగతి ఆమెకు ఎవరూ నేర్పలేదు. తూకానికి వచ్చిన పాత సామానులో ఒక దీపం దొరికింది. మూత విప్పితే లోపలి గిన్నె నల్లగా ఉంది. రేకేమోననుకుని చింతపండుతో తోమింది. నలుపు కింద వెండి మెరిసింది. సంతోషం పట్టలేక ఇంకా తోమింది. ఇంకా తోమితే వెండి పోయి ఇత్తడి బయటపడింది. ఆ గిన్నెను ఇప్పటికీ షెడ్డులో మేకుకు తగిలించి ఉంచింది. ఎవరైనా తొందరపెడితే దాన్ని చూపిస్తుంది.

ఆ తర్వాత పాడుచేసి పాడుచేసి నేర్చుకుంది. గిన్నె సొట్టలను వెనకవైపు నుంచి కొయ్య సుత్తితో మెల్లగా తట్టాలి. ఇత్తడిని అద్దంలా తేవాలి. అప్పుడు వెండి పూత. పూత ఆరాక ఆముదం దీపం మీద పళ్ళెం బోర్లించి పట్టిన మసిని, మెత్తటి పాత చీర ముక్కకు అద్ది, నడిమి నుంచి అంచుకు తుడవాలి. గుండ్రంగా తిప్పితే గీతలు పడతాయి. వేలు తగిలిందా, ఆ వేలి గుర్తు ఏడాది తిరక్కుండా నల్ల మచ్చవుతుంది. నికెల్ షాపు మూతపడ్డప్పుడు యజమాని చిన్న వెండి తొట్టిని ఆమెకు వదిలేశాడు. ఆ తొట్టితోనే ఈ షెడ్డు మొదలైంది.

ఆమె పనిలో ఇంకొకటుంది, అదే ఈ కథకు మూలం. దీపానికి వచ్చే వైర్లను అందరూ ప్లాస్టిక్ ట్యాగులతో బిగిస్తారు. ఇంజను వేడికి అవి పెళుసుబారి విరుగుతాయి. పైగా పాత కారులో అవి కనపడితే, పట్టుచీర మీద సేఫ్టీ పిన్నులా ఉంటాయని మార్త అంటుంది. ఆమె నూలు దారానికి చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కల మైనం రుద్ది, వైర్ల కట్ట పొడవునా బొటనవేలు వెడల్పుకొక ముడి వేసుకుంటూ పోతుంది. అది వాళ్ళమ్మ వల ముడి. లాగితే బిగుస్తుంది, జారదు. ముడి వేశాక దారం తోక కుడివైపుకు పడుకుంటుంది. దాన్ని బొటనవేలితో అదిమి వదిలేస్తుంది.

వచ్చిన ప్రతి ఆసామికీ ఆ ముడి చూపించేది. "ఇది ఉంటే నా పని. ఇది లేకపోతే నా పని కాదు. రేపు ఎవరైనా మార్త చేసిందని చెప్తే దీన్ని చూసుకోండి" అనేది. పేరు చెక్కించుకోవడం, స్టిక్కరు అంటించడం ఆమెకు ఇష్టం లేదు.

సురేష్ అబ్రహాము చెల్లెలి కొడుకు. ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివి, ఊరికే తిరుగుతుంటే మార్త తన దగ్గర పెట్టుకుంది. వైరింగు, రిలేలు, స్విచ్చులు అతనివి. గిన్నెలు, పూత, అద్దాలు ఆమెవి. బయటివాళ్ళతో మాటలన్నీ అతనివే. మనిషి చురుకైనవాడు, నోరు మంచిది. పుర్రచేతి వాటం. మార్త ముడి నేర్పినప్పుడు నెలల తరబడి దారం అతని చేతిలో చిక్కులు పడేది.

"అల్లుడూ, నీకు పిల్లనిచ్చేవాడు ముందు నీ ముడి చూడాల్రా. ఇట్టాంటి ముడి తాళికేస్తే పిల్ల సాయంత్రానికి పుట్టింటికి పోద్ది" అనేది మార్త.

"నువ్వు కుడిచేత్తో చూపిస్తావత్తా. నేను అద్దంలో చూసినట్టు తిప్పుకోవాలి. నీకేం తెలుసు నా బాధ" అనేవాడు.

చివరకు పట్టుబడింది. ముడి అదే, బిగువూ అదే. ఒక్కటే తేడా. అతను వేస్తే తోక ఎడమకు పడుకునేది. వాళ్ళిద్దరికీ, రోజూ చూసే నాకూ తప్ప అది ఎవరికీ తెలియదు. దారం ఉండ ఒకటే. చెరో కొస అందుకుని ఇద్దరూ అదే ఉండలోంచి తెంచుకునేవాళ్ళు.

భవానీపురంలో ఆరోన్ గారని ఉన్నారు. కాంట్రాక్టులు చేసి మానుకున్నారు. ఆయన దగ్గర ఆకుపచ్చ రంగు రెండు సీట్ల కారు ఉంది. వెనకటి ఇంగ్లీషు బండి. నీలగిరుల్లో ఎవరో టీతోటల ఆసామి దగ్గర పడి ఉంటే తెచ్చి, ఇంజను బాగుచేయించారు. ముందు రెండు దీపాలు మాత్రం గుడ్డివి. ఆ చలికాలం, పాత కార్లున్నవాళ్ళంతా కలిసి తెల్లవారగానే బెజవాడలో బయలుదేరి బందరు దాటి సముద్రం దాకా వెళ్ళాలనుకున్నారు. ఆరోన్ గారు, ఆయన భార్య హెలెన్ గారు ఆ కారులో వెళ్ళాలని. పుష్యమాసపు పొద్దుల్లో ఆ రోడ్డు మీద కాలవ మంచు ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్ళే కనుక దీపాల కోసం మార్త దగ్గరికి వచ్చారు.

మార్త రెండు దీపాలూ విప్పి చూసింది. అద్దాలు రెండూ అసలువే, చెక్కుచెదరలేదు. లోపలి వెండి గిన్నెలు నల్లబడ్డాయి గాని ఎక్కడా తినిపోలేదు. వెనక కంపెనీ అచ్చు కూడా చెరగలేదు.

"వీటిని మార్చక్కర్లేదు సార్. బల్బు ఒక్కటి ఈ కాలంది పెడతా, కరెంటుకి రిలే పెడతా. మిగతాదంతా మీ కారు పుట్టినప్పటిదే ఉంటది. అది నా మాట" అంది.

"వెలుగు సరిపోతుందా మార్తమ్మా? ఇప్పటి కార్లవి చూస్తే కళ్ళు చెదురుతున్నాయి" అన్నారు ఆరోన్ గారు.

"ఎదుటోడి కళ్ళు చెదరగొట్టేది దీపం కాదు సార్, దౌర్జన్యం."

హెలెన్ గారు నవ్వారు. "ఈవిడకే ఇవ్వండి" అన్నారు. మార్త అలవాటు ప్రకారం ఆమెకు ముడి చూపించింది. ఆమె ఆ దారాన్ని వేలితో తాకి, "కుట్టుపనిలా ఉందే" అన్నారు.

ఆ గిన్నెల మీద మార్త పెట్టిన శ్రమ ఇంక వేటి మీదా పెట్టలేదు. కొత్త హాలోజన్ బల్బులో తీగ పాత బల్బులో తీగ ఉన్న చోటే ఉండాలి. అంగుళంలో ఎన్నో వంతు ముందుకో వెనక్కో జరిగినా వెలుగు చెదిరిపోతుంది. దానికోసం నేను ఇత్తడి రింగు తరిగిస్తే, పెట్టి చూసి తిరిగి పంపేది. మళ్ళీ తరిగేవాణ్ణి. మళ్ళీ రేకు మీద సుత్తి. దీపాలు పెట్టే వేళ మా షెడ్డు గోడ మీద వెలుగు వేసి చూసేది. చివరి రింగు కుదిరినప్పుడు దగ్గర చూపు వెలుగు గోడ మీద తాడు పట్టి గీసినట్టు ఒక్క గీతగా ఆగింది. గీతకు పైన చీకటి, కింద వెలుగు. ఆ వెలుగు కాస్త పసుపు తిరిగి, నెయ్యిలా ఉంది. మార్త గోడ దాకా వెళ్ళి ఆ గీతను దగ్గర నుంచి చూసింది.

"నేను పోయాక ఎవరైనా అడిగితే దీన్ని చూపించు సైదా" అంది.

దీపాలను మూసి కారుకు బిగించడమే మిగిలింది. మూయడం ఎప్పుడూ ఆమె చేతి మీదుగానే. ఆ వారంలోనే ఇబ్రహీంపట్నంలో సంపూర్ణమ్మ గారు జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. మార్త గిన్నెలను పాత చీర ముక్కల్లో చుట్టి సురేష్ చేతికిచ్చింది. "వేలు తగలనీకు. వైర్లు కట్టి, మూసి, బిగించి ఇచ్చెయ్. నేను అమ్మ దగ్గరే ఉంటా" అని వెళ్ళిపోయింది.

సురేష్ బిగించాడు. ఆరోన్ గారు వచ్చి గోడ మీద వెలుగు చూశారు. తెల్లగా, పట్టపగల్లా ఉంది. "పసుపుగా ఉంటుందన్నారుగా?" అని అడిగారట. "అప్‌గ్రేడ్ చేశాం సార్, వెలుగు రెండింతలు" అన్నాడట సురేష్. ఆయన బానెట్ ఎత్తి చూశారు. వైర్ల కట్ట మీద వరసగా ముడులు. తృప్తిగా కారు తీసుకెళ్ళారు. ఆ రోజు నేను గుంటూరు వెళ్ళాను. ఈ మాటలన్నీ తర్వాత విన్నవే.

కార్లు బయలుదేరిన పొద్దున ఉయ్యూరు దాటేదాకా బాగానే ఉందట. పామర్రు వైపు వెళ్తుంటే మంచు గోడ కట్టింది. ఆరోన్ గారు రెండు దీపాలూ వేశారు. వెలుగు మంచు మీద పడి వెనక్కి ఆయన కళ్ళలోకే కొట్టింది. తెల్లటి దుప్పటి తప్ప ఏమీ కనపడలేదు. రోడ్డు ఎడమ అంచు ఎక్కడుందో తెలియలేదు. కారు అంచు దిగి మినుము చేలోకి వెళ్ళి నీటి బోదె గట్టుకు కొట్టుకుంది. బంపరు వంగింది. హెలెన్ గారి మణికట్టు విరిగింది. అటువైపు పెద్ద కాలవ లేదు కనుక అంతటితో పోయింది.

మార్త తల్లిని ఆస్పత్రి నుంచి ఇంటికి చేర్చి, ఆ తర్వాతి సోమవారమే షెడ్డుకు వచ్చింది. ఆరోన్ గారు డ్రైవర్ చేత రెండు దీపాలు, వాటి వైర్లు గోతంలో పట్టించుకుని వచ్చారు. గొంతు పెంచలేదు.

"ఇవి మీ దీపాలు మార్తమ్మా. మా ఆవిడ చేతికి కట్టు కట్టారు. చూడండి, ఏం చేశారో నాకు చెప్పండి."

మార్త స్క్రూ విప్పి అద్దం తీసింది. లోపల వెండి గిన్నె లేదు. అంగట్లో దొరికే తగరపు రంగు రేకు గిన్నె, దాని నడుమ తెల్ల ఎల్‌ఈడీ ముక్క. రెండో దీపంలోనూ అదే. దగ్గర చూపుకూ దూరం చూపుకూ ఒకే గిన్నె, ఒకే బల్బు.

"ఇది నేను చేసింది కాదు సార్" అంది.

ఆరోన్ గారు గోతంలోంచి వైర్ల కట్ట తీసి బల్ల మీద పెట్టారు. మైనపు దారం, బొటనవేలు వెడల్పుకొక ముడి.

"ఇది ఉంటే మీ పనేనని చెప్పింది మీరే. మా ఆవిడ ఎదురుగా చెప్పారు."

మార్త కట్టను అందుకుంది. చివరి నుంచి మొదటి దాకా ఒక్కొక్క ముడి మీద వేలు పోనిచ్చింది. నేను రేకు గోడ పక్కనే నిలబడి ఉన్నాను. తోకలన్నీ ఎడమకు పడుకుని ఉన్నాయి.

"రెండు రోజులు టైమివ్వండి సార్" అంది. ఆయన "ఉంచుకోండి, నాకు వీటితో పనేముంది" అని వెళ్ళిపోయారు.

సురేష్ టీలు పట్టుకుని వచ్చాడు. గోతాన్ని చూశాడు. గ్లాసులు బల్ల మీద పెట్టి, "టీ తాగత్తా, చల్లారిపోద్ది" అన్నాడు.

"ఇది ఎవరి ముడి?"

"నీదే. ఇంకెవరిది?"

"తోక ఎటుంది?"

"ముడికి తోకేంటి, తొండమేంటి అత్తా" అని నవ్వబోయాడు. మార్త నవ్వలేదు. అతను నా వైపు చూశాడు. నేనూ నవ్వలేదు.

"గిన్నెలేవిరా?"

కాసేపు గొణిగి, తర్వాత చెప్పాడు. చెన్నైలో ఒకాయనకు ఇలాంటి కారే ఉంది. అందులో గిన్నెలు తినిపోయాయి. ఫోనులో సురేష్‌తో మాట్లాడి, నువ్వు చేసినవి ఏవైనా ఉంటే పంపు, బాగుంటే నా కార్లన్నీ నీకే అన్నాడు. సురేష్ ఆ గిన్నెలు పంపాడు. ఆయన వాటిని తన కారులో పెట్టేసుకున్నాడు కూడా.

"నువ్వు చేసినవని పంపావా?"

"ఇన్నేళ్ళ నుంచి నీ దగ్గరున్నా. నా పేరున ఒక్క దీపమన్నా ఉందా అత్తా? ఎవడొచ్చినా మార్తక్క ఉందా అంటాడు. మాట్లాడేది నేను, తిరిగేది నేను."

"నన్నడిగితే చేసిచ్చేదాన్ని కాదా?"

"అడిగి చేయించుకుంటే నీ పేరే కదా మళ్ళీ."

మార్త ఒప్పుకున్నట్టే తల ఆడించింది. గిన్నెల కోసం ఆమె పోట్లాడుతుందని, అతణ్ణి తిడుతుందని నేననుకున్నాను. ఆమె వైర్ల కట్టను మళ్ళీ చేతిలోకి తీసుకుంది.

"సరే, పంపావు. మరి దీనికి ముడులెందుకేశావు? ప్లాస్టిక్ ట్యాగులు బిగించి పారెయ్యాల్సింది. ట్యాగులుంటే నాకింత కష్టంగా ఉండేది కాదురా."

సురేష్ నేల చూశాడు.

"చెప్పు."

"ట్యాగులుంటే సారు అడుగుతారు. లోపల విప్పి చూపించమంటారు. ముడి ఉంటే ఇంక లోపలికి చూడరు."

బయట ఎవరో డీజిల్ బండి రేజింగు ఇస్తున్నారు. మార్త కళ్ళు తుడుచుకోలేదు, ఎందుకంటే తడి రాలేదు. ఆమె చేతులు మాత్రం కట్టను వదల్లేదు. ఆమె పని అతని పేరున చెన్నై వెళ్ళింది. అతని పని ఆమె పేరున పామర్రు రోడ్డెక్కింది. మొదటిది ఆమె మింగగలిగేది. ఆ ముడి నేర్పడానికి ఎదురుగా కూర్చుని అతని వేళ్ళను తన వేళ్ళతో పట్టుకుని ఎన్ని సాయంత్రాలు తిప్పిందో నేను చూశాను.

"సారు దగ్గరికి పోదాం రా" అంది మార్త.

"నేను రాను. నా మీద పడితే ఇంక ఈ ఆటోనగర్‌లో నాకు పని పుడుతుందా అత్తా? నీకంటే పేరుంది, ఒకసారి తప్పు జరిగిందంటే సర్దుకుంటారు. నువ్వే చేశానని చెప్పు. నేను నీ అల్లుణ్ణే కదా."

"అల్లుడివే. అందుకే ముడి నేర్పా."

అతను టీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు. ఒక గ్లాసు నిండుగా ఉంది. అప్పటి నుంచి షెడ్డుకు రాలేదు.

భవానీపురానికి మార్త నన్ను తోడు రమ్మంది. ఆరోన్ గారింట్లో కరకట్ట వైపు వరండా ఉంది. హెలెన్ గారు చేతికి కట్టుతో కుర్చీలో కూర్చున్నారు. మార్త జరిగింది జరిగినట్టు చెప్పింది. సంచిలోంచి ఆ వైర్ల కట్ట, మైనపు దారం తీసింది. వాళ్ళ ఎదురుగానే ఖాళీ వైరు మీద తన ముడి వేసి చూపించింది.

"నాది కుడికి పడుద్ది. ఇవి చూడండి, అన్నీ ఎడమకి. మా అల్లుడిది పుర్రచెయ్యి."

ఆరోన్ గారు చూడనైనా లేదు. "అత్తా అల్లుళ్ళ పంచాయితీ నా దగ్గరికి తేవద్దమ్మా. షెడ్డు ఒకటి, దారం ఒకటి. తోక ఎటుందో చూసుకుని నేను కారెక్కాలా?"

"నేను మాటిచ్చా సార్. అది తప్పలేదని చెప్పడానికొచ్చా."

"గిన్నెలున్నాయా మరి?"

"లేవు."

"అయితే తప్పినట్టే కదా."

హెలెన్ గారు మంచి చెయ్యి చాచి రెండు కట్టలూ ఒళ్ళో పెట్టుకున్నారు. ఒక్కొక్క ముడీ చూశారు. ఆమెకు తేడా తెలిసింది. ముఖం చూస్తే తెలుస్తోంది.

"నువ్వు చెప్పేది నిజమే మార్తా. ఇవి వేరే చెయ్యి" అన్నారు. మార్త ఊపిరి వదిలింది. హెలెన్ గారు కట్టలను తిరిగి ఇస్తూ, "కానీ మేం ముడిని చూసే ఎక్కాం. లోపల చూడక్కర్లేదని నువ్వే చెప్పావు" అన్నారు.

ఆ మాటలో కోపం లేదు. మార్త సంచి సర్దుకుని, "సెలవండి" అంది. ఆటోలో తిరిగి వస్తూ కనకదుర్గ ఫ్లైఓవర్ దాటాం.

"ఆవిడ అబద్ధమని అనుంటే బాగుండేది సైదా" అంది అప్పుడు.

ఆ కారుకు ఇప్పుడు హైదరాబాదులో ఎవరో కొత్త దీపాలు బిగించారని విన్నాను. పాత దీపాల డొల్లలు, అద్దాలు మార్త షెడ్డులోనే ఉన్నాయి. తోమి, అరలో పెట్టింది. ఆరోన్ గారు వాటి కోసం మనిషిని పంపలేదు. చెన్నై ఆయనకు మార్త ఫోను చేయించింది. ఆయన ఆ గిన్నెలు ఇవ్వనన్నాడు. పని అంత బాగా కుదిరిందట. "చేసింది సురేషని విన్నానే, మీరెవరు?" అని అడిగాడట.

సురేష్ రెండు రోడ్ల అవతల సొంత షెడ్డు తీశాడు. బోర్డు మీద విదేశీ కారు బొమ్మ వేయించాడు. ఒకరోజు ఒక పాత కారు నా దగ్గర ఇత్తడి బుష్షు కోసం ఆగితే బానెట్ కింద చూశాను. దారం ముడులే. తోకలు ఎడమకు. బిగువు ఏమీ తగ్గలేదు. మార్తకు చెప్పాను.

"బాగా వేస్తాడు. నేర్పింది నేనే" అంది. "ఎవరన్నా అడిగితే మాత్రం అది నాదని చెప్పకు" అంది.

ముడి మానెయ్యమని నేనే ఒకసారి సలహా ఇచ్చాను. ట్యాగులు కాకపోతే టేపు చుట్టమన్నాను. "అది మా అమ్మది. వాడికెందుకు వదిలెయ్యాలి?" అంది. సంపూర్ణమ్మ గారు కర్ర పట్టుకుని మళ్ళీ నడుస్తోంది. ఆమెకు ఈ సంగతేదీ చెప్పలేదు.

మానింది ముడి కాదు, మాట. ఇది ఉంటే నా పని అని ఇప్పుడు ఎవరితోనూ అనదు. దీపం మూసే రోజున కారు ఆసామిని షెడ్డుకు పిలుస్తుంది. పాత పెయింటు డబ్బా మీద గోనె పరిచి కూర్చోబెడుతుంది. గిన్నె చూపిస్తుంది, వెనక అచ్చు చూపిస్తుంది, బల్బు పెట్టి చూపిస్తుంది. తీరిక లేదన్నవాళ్ళ పని తీసుకోదు. అందువల్ల కొందరు రావడం మానేశారు.

మొన్న గుడివాడ నుంచి ఒకాయన వచ్చాడు. ఎర్రటి చిన్న కారు, దగ్గర చూపు ఒక్కటే ఉంది. మార్త గిన్నెను చీర ముక్కతో పట్టుకుని అతని ముఖం దగ్గర పెట్టింది. అతను ఫోను చూసుకుంటున్నాడు.

"చూడండి బాబూ."

"పర్లేదమ్మా. మీ గురించి అందరూ చెప్పారు. మీ మీద నమ్మకం ఉంది."

"నమ్మొద్దు" అంది మార్త. "చూడండి."

అతను ఫోను జేబులో పెట్టుకుని, కొంచెం తికమకగా నా వైపు చూసి, గిన్నెలోకి చూశాడు. అతని ముఖం అందులో తలకిందులుగా కనపడింది. అతను చూసినంతసేపూ మార్త చెయ్యి కదలకుండా పట్టుకుంది. అతను తల ఎత్తాక అద్దం మూసి, దారం తెంచుకుని ముడి వేయడం మొదలుపెట్టింది.